అందుకోలు

పావు బరువు

ఇవాళ గంజి వార్చబోయి చెయ్యి కాల్చుకున్నాను. గనిలో ఉన్నప్పుడు గిన్నె వంచితే గంజి ఆలోచించుకుంటూ కిందికి దిగేది. ఈలోగా మూత సర్దుకోవచ్చు, పిల్లను ఓ కేక వేయొచ్చు. ఇక్కడ వంచీ వంచకముందే పడిపోయింది. చక్రం వేగం పెంచి రెండు రోజులు కూడా కాలేదు. చేతులకు ఇంకా పాత అలవాటు పోలేదు.

ఇంటికొకరు రోజూ నాలుగు ముక్కలు రాసి పెట్టమని డాక్టరమ్మ చెప్పింది. కాళ్ళు ఎలా ఉన్నాయి, నిద్ర పడుతోందా, మనసు ఎలా ఉంది. మా ఆయన రాయడం అంటే ఆవలిస్తాడు కాబట్టి ఈ పని నా నెత్తిన పడింది. కాళ్ళు తిమ్మిరిగా ఉన్నాయి. నిద్ర పడుతోంది. మనసు సంగతి తెలియదు. ఎముకల మాత్రలు మింగడం మొదలుపెట్టినప్పటి నుంచి లోపలంతా మొద్దుబారినట్టుంది. సంతోషమైనా దుఃఖమైనా పక్కింట్లో మాటల్లా వినిపిస్తున్నాయి.

మేం ముగ్గురం. నేను కనకవ్వ, నా మొగుడు ఓదెలు, మా ఆరేళ్ళ బిడ్డ మైసి. ముగ్గురమూ చంద్రుడి మీద పుట్టినవాళ్ళమే. గని మూతపడింది కనుక అందరినీ భూమికి పంపేస్తున్నారు. భూమి మీద మనిషి బరువు మాకు అలవాటైనదానికి ఆరింతలు. తిన్నగా తీసుకెళ్ళి దింపితే నిలబడలేక చస్తామని దారిలో ఈ చక్రంలో పెట్టారు. ఇది ఎంత జోరుగా తిరిగితే దీని అంచున ఉన్న మాకు అంత బరువు. కొంచెం కొంచెంగా పెంచుకుంటూ పోతారట. నిండు బరువుకు వచ్చాక ఎవరి కాళ్ళ మీద వాళ్ళు నిలబడగలిగితే కిందికి దింపుతారు.

ఓదెలుకు ఇరుసులో పని. ఇరుసంటే చక్రానికి నడిమధ్య, అక్కడ బరువే ఉండదు. ఓడల్లోంచి సరుకు దించి సర్దాలి. పొద్దున లిఫ్టులో పోతాడు, సాయంత్రం లిఫ్టులో అంచుకు దిగుతాడు. లిఫ్టు దిగేచోట పెద్ద హాలు, దాని చుట్టూ పైన వరండా. ఆ హాలు చూడగానే మావాళ్ళందరికీ ప్రాణం లేచి వచ్చింది. అచ్చం మా గని నోటి దగ్గర హాలులాగే ఉంది. అంటే అందుకోలు మానుకోనక్కర్లేదు.

గనిలో మగవాళ్ళు పని దిగి వచ్చాక గంటమనిషి తలలు లెక్కపెట్టుకునేవాడు. అందరూ హాల్లో నిలబడ్డారని చూసుకుని గంట కొట్టేవాడు. పిల్లలు అప్పటికే పై వరండా అంచున వరసగా నిలబడి ఉంటారు. గంట మోగగానే కళ్ళు మూసుకుని, "బాపూ!" అని అరిచి దూకుతారు. కింద బాపు అందుకుని, "అందినవ్ బిడ్డా" అంటాడు. ఆ మాట చెవిన పడేదాకా కళ్ళు తెరవకూడదు. ఆ పూట గని మనిషిని తిరిగి ఇచ్చిందని ఇంటికి తెలిసేది అలాగే. మా బాపు నన్ను అలాగే అందుకున్నాడు. బిడ్డ మొదటిసారి దూకిన రోజున చుట్టాలను పిలిచి పరమాన్నం పెడతాం.

ఇక్కడి వరండాకు రెయిలింగు ఉంది. మావాళ్ళు వచ్చిన వారానికే అందులో ఒక ముక్క ఊడదీసి గోడకు ఆనించి పెట్టారు.

ఇవాళ మైసి దూకింది. ఓదెలు అందుకుని, "జర బరువైనవే" అని నవ్వాడు.

"నేను గాదు బాపూ, చక్రం," అంది అది.

సాయంత్రం ఫిలోమినా అని ఒకామె వచ్చింది. భూమి మనిషి, విశాఖ వైపు ఊరట. పిల్లలకు దెబ్బలు తగలకుండా చూడటం ఆమె ఉద్యోగం. కుర్చీ మీద కూర్చోకుండానే చెప్పడం మొదలుపెట్టింది. మంచం కింద పరుపు వేయండి. అలమరలో బరువైనవి పైన పెట్టకండి. వేడి గిన్నె అంచున పెట్టకండి. పిల్లను పరుగెత్తనివ్వకండి. ముక్కు తుడిచేటప్పుడు కూడా తల పట్టుకోవాలట. ఆమె వెళ్ళాక ఓదెలు ఆమెలాగే నిలబడి, "అమ్మా కనకవ్వా, ఊపిరి తీసేముందు గోడ పట్టుకోండమ్మా" అన్నాడు. మైసి కడుపు పట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను.

మూడో వంతు

కాళ్ళు వాచాయి. నిద్ర ఎక్కువైంది.

తడి బట్టలు బరువెక్కాయి. బకెట్టు ఒక చేత్తో ఎత్తలేకపోతున్నాను. చీపురుతో దుమ్ము ఎగరేస్తే అది కాసేపైనా గాల్లో నిలవడం లేదు. ఒకందుకు అదే నయం.

ఫిలోమినా ఇవాళ హాల్లోకి ఒక బొమ్మను తెచ్చింది. గుడ్డతో కుట్టి ఇసుక నింపిన బొమ్మ, మైసి అంత ఉంది. గంటకు ముందు మావాళ్ళందరినీ పిలిచి, ఆ బొమ్మను పై వరండా నుంచి వదిలింది. దబ్బున పడి కుట్లు విప్పుకుంది. ఇసుక హాలంతా పరుచుకుంది.

"ఇది ఈ నెల బరువు మాత్రమే. వచ్చే నెల ఇంతకంటే జోరుగా పడుతుంది. దయచేసి ఈ ఆట ఆపేయండి," అంది.

అప్పుడు ఓదెలు గొంతు సవరించుకున్నాడు.

"గా బొమ్మకు బాపు లేడమ్మా. మైసికి నేనున్న."

హాలంతా గొల్లుమంది. నేను కూడా నవ్వాను. మనసులో ఏమూలో గర్వం కూడా కలిగింది. నా మొగుడికి అంత చమత్కారం ఉందని నాకే అప్పుడప్పుడు మరుపు వస్తుంది. ఫిలోమినా కూడా నవ్వబోయి, ఊరుకుని, వంగి ఇసుక ఎత్తడం మొదలుపెట్టింది. మైసి వెళ్ళి ఆమెకు సాయం చేసింది.

ఓదెలు లెక్క ఓదెలుకు ఉంది. "దినాం అందుకుంటున్న గద. బరువు దినాం గింతంత పెరిగితె నా చేతులు గూడ గింతంత గట్టివడ్తయి. నడుమ ఆపితెనే మోసం," అంటాడు. నాకు ఆ మాట సబబుగానే తోచింది. రోజంతా బరువే లేనిచోట పనిచేసే చేతులు ఎలా గట్టిపడతాయని ఫిలోమినా అడిగింది. సరుకు దించి చూస్తే తెలుస్తుందని ఓదెలు జవాబు చెప్పాడు. ఆమె మాటలు వందలో తొంభై మాకు ఎందుకూ పనికిరానివి. ముక్కు తుడవడం గురించి చెప్పిన మనిషి ఏం చెప్పినా ఆ ముక్కే గుర్తొస్తుంది.

రెయిలింగు ముక్కను ఆమె మళ్ళీ బిగించింది. మావాళ్ళు మళ్ళీ ఊడదీశారు. ఇంకోసారి బిగించింది. ఇంకోసారి ఊడదీశారు. చివరకు ఆ ఖాళీకి అడ్డంగా ఒక గొలుసు కట్టి వెళ్ళిపోయింది. మైసి ఆ గొలుసు కింద నుంచి దూరిపోతుంది.

సగం

వీపు నొప్పి. మాత్రలు పెంచారు. ఏం తిన్నా ఒకే రుచి.

రాత్రిళ్ళు ఓదెలు ఛాతీకి మందు రాస్తున్నాను. రెండు భుజాల కిందా నల్లగా కమిలింది. మైసి తల తగిలే చోట ఒక మచ్చ మానకుండా అలాగే ఉంది. "సుర్రుమంటుంది జర మెల్లగ రాయి" అంటాడు. మానేద్దామా అంటే మాత్రం వినపడదు.

హాల్లో పిల్లలు తగ్గిపోయారు. ఎదురింటి పోచక్క మొగుడు తన కొడుకు పెద్దవాడయ్యాడని మాన్పించాడు. వాడికి మైసి కంటే ఏడాది తక్కువ. ఇంకొకాయనకు నడుం పట్టింది. ఫిలోమినా మాట విని మానేశామని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. వరండా మీద ఇప్పుడు నలుగురైదుగురే నిలబడుతున్నారు. అందులో మైసి ముందు ఉంటుంది. దాని మెడ కొంచెం నిక్కింది ఈమధ్య.

నేను బట్టలు ఉతుకుతుంటే ఫిలోమినా వచ్చింది. ఈసారి బొమ్మా లేదు, కాగితాలూ లేవు. దుప్పటి రెండో చివర పట్టుకుని నాతోపాటు పిండింది. ఇద్దరం ఆయాసపడ్డాం.

"అమ్మా, దూకొద్దని ఇంక చెప్పను. చెప్పీ చెప్పీ నాకే విసుగొచ్చింది. ఒక్కటి మాత్రం చెయ్యండి. పిల్లను కళ్ళు తెరిచి దూకమనండి. కింద వాళ్ళ నాన్న ఉన్నాడో లేడో చూసుకుని దూకమనండి. అంతే, ఇంకేటీ అడగను," అంది.

"ఉంటడు గదమ్మా. యాడికి వోతడు?"

"ఉంటారు. ఒక్క రోజు లేకపోతే?"

"లేకపోతె గంట ఎట్ల మోగుతది?"

ఆమె దుప్పటి కిందపెట్టి నా వైపు తిరిగింది. "ఇక్కడ గంట మనిషి కొట్టడం లేదమ్మా. లిఫ్టు ఆగి తలుపు తెరుచుకున్న కాసేపటికి దానంతటదే మోగుతుంది. లోపల ఎవరున్నా, ఎవరూ లేకపోయినా మోగుతుంది."

"గదే గద," అన్నాను.

నిజంగానే నాకు రెండూ ఒకటే అనిపించాయి. గంట అంటే నాకు బాపు వచ్చి నిలబడ్డాడనే. పుట్టినప్పటి నుంచి అంతే. సరేలెండి చెప్తాను అన్నాను, ఆమెను పంపడానికి. ఆమె నా చెయ్యి పట్టుకుని "చెప్తారు కదా" అంది. ఆ పట్టుకోవడం నాకు నచ్చలేదు. ఇంటికొచ్చి నా బిడ్డ గురించి నాకు చెప్పే మనిషి మీద ఎంత లేదన్నా ఒళ్ళు మండుతుంది. అది కూడా ఇప్పుడు మొద్దుగానే మండుతోంది.

అయినా మాటిచ్చాను కదా అని మైసికి జడ వేస్తూ అడిగాను. "రేపటి సంది కండ్లు తెరిచి దుంకుతవా బిడ్డా?"

"ఎందుకే అవ్వా?"

"బాపు ఉన్నడో లేడో సూసుకోవాలె గద."

అది వెనక్కి తిరిగి, జడ నా చేతిలోంచి లాక్కుంది. "సూస్తె బాపు ఏడ్వడా? నమ్మలేదనుకుంటడు."

ఓదెలు మంచం మీద నుంచి ఆ మాట విన్నాడు. లేచి వచ్చి దాన్ని ఎత్తుకోబోయి, నడుం పట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుని ముద్దుపెట్టుకున్నాడు. "ఇగో, గిది నా బిడ్డ" అన్నాడు. నేను మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

ముప్పావు

గిన్నెలు తోమడానికి కూర్చుంటే లేవడానికి గోడ కావాలి. ఫిలోమినా మొదటి రోజు చెప్పిన గోడ. నవ్వు రాలేదు.

నిన్న ఓదెలు లిఫ్టులోంచి దిగి, మైసిని అందుకుని, దాన్ని కింద పెట్టి, అక్కడే కూలబడ్డాడు. కళ్ళు తేలేశాడు. నీళ్ళు చల్లితే లేచాడు. బరువు లేనిచోట నుంచి ఒక్కసారి ఇంత బరువులోకి దిగితే నెత్తురంతా కాళ్ళలోకి జారిపోతుందట. అందుకే ఈ నెల నుంచి ఒక పద్ధతి పెట్టారు. లిఫ్టు ఆగాక లోపలి బల్ల మీద కాసేపు కూర్చుని, తల తిరగడం తగ్గాకే బయటికి రావాలి. అందరూ కూర్చుంటున్నారు. ఓదెలు ఒక్కడే తలుపు తెరుచుకోగానే పరుగున వస్తున్నాడు, మైసి కోసం.

రాత్రి అన్నం దగ్గర గట్టిగానే అడిగాను.

"ఇగ ఆపరాదు. నీ తోటోళ్ళు అందరు ఆపిండ్రు."

"నిండు బరువు దాక తీస్కపోత. అప్పుడు ఒక్కసారి అందుకుని ఆపేస్త. భూమ్మీద దిగినంక నా బిడ్డ సెప్పుకోవద్దా, మా బాపు నిండు బరువుల గూడ పట్టుకుండని?"

"పట్టుకునేటోడు ముందుగాల నిలవడాలె గద. నిన్న నువ్వు పడ్డది సూసి నా పానం పోయింది."

"గిప్పుడేమంటవ్?"

"గా బల్ల మీద కూసో. అందరు కూసుంటుండ్రు. నా మీద ఒట్టు."

చాలాసేపు మెతుకులు కెలికాడు. "సరె తియ్యి, కూసుంట" అన్నాడు.

ఇన్ని నెలల్లో ఎవరు చెప్పిన జాగ్రత్తైనా మా ఇంట్లో సాగింది ఇదొక్కటే. నాకు నెమ్మదిగా అనిపించింది. చాలా రోజుల తరవాత కూర రుచి తెలిసింది. మైసి అప్పటికే పడుకుంది. బాపు రేపటి నుంచి కొంచెం ఆలస్యంగా వస్తాడని దానికి చెప్పాలన్న ఊహ నాకు రాలేదు. ఓదెలుకూ రాలేదు.

ముప్పావు, మర్నాడు

రాయాలి కాబట్టి రాస్తున్నాను.

నేను హాల్లోనే ఉన్నాను, నీళ్ళ కుళాయి దగ్గర. లిఫ్టు వచ్చి ఆగింది. తలుపు తెరుచుకుంది. లోపల అందరూ బల్ల మీద కూర్చుని ఉన్నారు. ఓదెలు కూడా కూర్చున్నాడు. తల వంచుకుని, నాకు ఒట్టేసినట్టే, చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నాడు. మంచి పని చేశాడనుకున్నాను. గంట మోగింది.

"బాపూ!"

ఓదెలు తలెత్తాడు. లేచాడు. బల్ల దగ్గర నుంచి మైసి దూకే చోటి దాకా నాలుగడుగులు ఉంటాయేమో. రెండో అడుగుకే మోకాలు మడతపడి పడ్డాడు. అక్కడ నుంచి పాకాడు. నేను బిందె వదిలేశాను. కదిలానో లేదో తెలియదు.

చప్పుడు పెద్దగా లేదు.

మైసి వెల్లకిలా పడి ఉంది. కుడికాలు తుంటి దగ్గర ఉండాల్సిన తీరులో లేదు. స్పృహ ఉంది. పెదవులు కదులుతున్నాయి. కళ్ళు మాత్రం మూసుకునే ఉంది. నేను పిలిచినా తెరవలేదు. చచ్చిపోతోందనుకున్నాను. తరవాత అర్థమైంది, ఆ మాట కోసం చూస్తోంది. అది వినబడేదాకా తెరవకూడదని దానికి మేమే నేర్పాం.

ఓదెలు దాని పక్కకు చేరుకున్నాడు. నోరు తెరిచాడు. "అందినవ్" అని ఎలా అంటాడు? నేల మీద ఉన్న బిడ్డతో ఆ మాట అనలేకపోయాడు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. మైసి ఎదురుచూస్తూనే ఉంది.

ఫిలోమినా ఎక్కడి నుంచి వచ్చిందో తెలియదు. పిల్లను కదపనివ్వలేదు. మెడకు రెండు వైపులా తన చేతులు పెట్టి, "కళ్ళు తెరువు తల్లీ, అయిపోయింది, తెరువు" అంది.

మైసి తెరిచింది. ముందు పైన వరండాను చూసింది. తరవాత కళ్ళు పక్కకు తిప్పి బాపును చూసింది. నేలకు అంత దగ్గరగా బాపు ముఖం ఎందుకుందో దానికి అర్థం కాలేదనుకుంటాను.

ముప్పావు, తరవాత

ఆసుపత్రి చక్రం అంచుకూ ఇరుసుకూ మధ్యలో ఉంది. అక్కడ బరువు సగమే. తుంటి విరిగింది, తొడ విరిగింది, వెన్నులో ఒక పూస నలిగింది. ప్రాణానికి భయం లేదని డాక్టరమ్మ చెప్పింది. నడుస్తుందా అంటే, ఏదో ఒక తీరున నడుస్తుంది, ముందు కూర్చోనివ్వండి అంది. భూమికి ఎప్పుడు దిగుతామన్నది ఇప్పుడు ఎవరూ చెప్పడం లేదు.

కాళ్ళు ఎలా ఉన్నాయో చూసుకోలేదు. నిద్ర పడుతోంది, సిగ్గు లేకుండా పడుతోంది. ఏడుపు రావడం లేదు. వస్తే బాగుండు. మాత్రల వల్ల అని డాక్టరమ్మ అంటోంది. ఆమె మంచిది.

పోచక్క అన్నం తెచ్చింది. ఇద్దరం గిన్నె చెరోవైపు కూర్చున్నాం.

"ఏం జేస్తమే. రాత," అంది.

నేను గిన్నె మూత తీశాను.

"అయినా ఓదెలన్న బల్ల మీద కూసునుడు తప్పయింది గని. దినాం తీరు ఉరికొస్తె అందుకుంటుండె. గా పద్ధతులు పెట్టవట్కెనే గిట్లయింది."

నేను తలెత్తి ఆమెను చూశాను. ఆమె నిజంగా నమ్మే అంటోంది. నన్ను ఓదార్చడానికి అంటోంది. రెండు నెలల క్రితం అయితే నేనూ అలాగే అని, అలాగే నమ్మేదాన్ని. ఆ మాట పట్టుకుంటే నా మీద కూడా పడుతుంది, ఒట్టు పెట్టించింది నేనే కదా. ఓదెలు ఆ ముక్క ఇంతవరకు నాతో అనలేదు. ఎప్పటికైనా అంటాడేమోనని భయంగా ఉంది. అనకపోతే ఇంకా భయం.

సాయంత్రం బట్టల కోసం ఇంటికి వెళ్తూ హాలు దాటాల్సి వచ్చింది. అప్పుడే గంట మోగింది. పైన ఇద్దరు పిల్లలు ఉన్నారు, మానేసి మళ్ళీ మొదలుపెట్టినవాళ్ళే. ఇద్దరూ కళ్ళు మూసుకుని ఉన్నారు. కింద ఇద్దరు తండ్రులు బల్ల మీద కూర్చోకుండా పరుగెత్తి వచ్చి నిలబడ్డారు. "అందినవ్ బిడ్డా." నేను వాళ్ళలో ఒకాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన పేరు రాయలింగు, ఓదెలుతోపాటు పనిచేస్తాడు. బిడ్డను ఇంకా దించలేదు, చేతులు అదురుతున్నాయి.

"అన్నా, ఇగ ఆపుండ్రి. లేకపోతె కండ్లన్న తెరువుమనుండ్రి," అన్నాను.

"ఆపుతం సెల్లె, ఆపుతం," అన్నాడు, నా వైపు జాలిగా చూసి. "నువ్వు ముందుగాల ఇంత తిని పండుకోపో."

నేను కూడా ఫిలోమినాతో సరేలెండి అన్నాను కదా. ఆ గొంతు నాకు తెలుసు.

ఫిలోమినా రోజూ ఆసుపత్రికి వస్తోంది. మైసి తల దువ్వుతుంది, దుప్పటి మారుస్తుంది. నేను ముందే చెప్పానని ఒక్కసారి కూడా అనలేదు. అంటుందని నేను కాచుకుని కూర్చున్నాను. అంటే తిట్టొచ్చు, మీద పడి కొట్టొచ్చు, కనీసం ఏడవొచ్చు. ఆమె అనదు. ఇవాళ ఆమెను చూస్తే అసహ్యం వేసింది. ఆ సంగతి రాయడానికి కూడా నాకు మొహమాటం లేదు.

రెయిలింగు ముక్కను మొన్న ఓదెలు తీసుకెళ్ళి బిగించాడట. పోచక్క చెప్పింది. మర్నాటికి ఎవరో ఊడదీశారట.

నిండు బరువు

ఇవాళ చక్రం పూర్తి వేగానికి వచ్చింది. అంచున ఉన్నవాళ్ళకు ఇక భూమి బరువే. పోచక్క వాళ్ళు వచ్చే ఓడలో కిందికి దిగుతున్నారు. వెళ్ళేముందు మైసిని చూసి వెళ్ళారు. వాళ్ళ కొడుకు మంచం దాకా వచ్చి, దాని కాలి కట్లు చూసి, తల్లి కొంగు వెనక్కు పోయాడు.

మైసిని ఇవాళ మొదటిసారి మంచం మీద నుంచి కుర్చీలోకి మార్చవచ్చని డాక్టరమ్మ చెప్పింది. ఎవరైనా ఇంటివాళ్ళే ఎత్తితే పిల్లకు ధైర్యంగా ఉంటుందని కూడా అంది.

ఓదెలు స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని వచ్చాడు. ఇన్ని రోజులూ ఆసుపత్రి గది బయట బెంచీ మీదే ఉన్నాడు. లోపలికి వస్తే మైసి పడుకున్నప్పుడు వచ్చేవాడు. ఇరుసు పని మానేశాడు. పొద్దున లేచి బస్తాలు ఎత్తి దించడం చూశాను. నాతో చెప్పలేదు, నేను అడగలేదు.

మంచం పక్కన నిలబడి చేతులు చాచాడు. "దా బిడ్డా."

మైసి అతని చేతుల్లోకి ఒరగలేదు. మోచేయి ఆనించి తల కొంచెం పైకెత్తింది. ముందు అతని చేతులు చూసింది. తరవాత పాదాలు. తరవాత మంచానికీ కుర్చీకీ మధ్య ఉన్న నేల. కోపం లేదు, భయం కూడా కనబడలేదు. బజారులో బేరం చేసే పెద్దమనిషిలా నిదానంగా చూసింది.

"బాపూ, గట్టిగ నిలవడ్డవా?"

"నిలవడ్డ బిడ్డా."

మళ్ళీ పాదాలు చూసింది. అతని మోకాలు కొంచెం వణికింది. అది మైసికి కనిపించింది.

"నువ్వు ఒక్కనివి వద్దు," అంది మెల్లగా, అతని మనసు నొప్పించకూడదన్నట్టు. "ఫిలోమినా అత్తమ్మను గూడ పిలువు."

ఓదెలు చాచిన చేతులు అలాగే కాసేపు ఉంచాడు. నేను వెళ్తానని లేచాను. వద్దన్నట్టు తల ఊపి, తనే బయటికి నడిచాడు. తలుపు తెరిచే ఉంది కనుక అతని గొంతు నాకు వినిపించింది. హాలు మొత్తాన్ని నవ్వించిన మనిషి గొంతులా లేదు.

"అమ్మా, జర మీరు రావాలె. పిల్ల మిమ్ముల రమ్మంటుంది. యాడ పట్టుకోవాల్నో నాకు సూపెట్టుండ్రి."

ఆమె వచ్చింది. ఒక చెయ్యి నడుం కింద, ఒక చెయ్యి తొడల కింద అని అతని చేతులు పట్టుకుని తనే పెట్టించింది. తల వైపు తను పట్టుకుంది. కాళ్ళు నన్ను పట్టుకోమంది. ముగ్గురం కలిసి ఎత్తాం. సగం బరువే, అయినా ముగ్గురం ఊపిరి బిగబట్టాం. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. ఇన్ని రోజులకు వచ్చింది, చేతులు ఖాళీ లేవు, అలాగే కారనిచ్చాను.

కుర్చీలో కూర్చోబెట్టేదాకా మైసి వాళ్ళ బాపు ముఖం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. రెండు కళ్ళూ విప్పార్చుకుని, రెప్ప వేయకుండా, అతని చేతులనే చూస్తూ ఉంది.